ఆరు పిక్సెళ్ళ ముఖం

ఒక దొంగకు నేను ముఖం తయారుచేసి ఇచ్చాను. ఆ ముఖంతో పోలికలున్న పాపానికి ఒక కుర్రాడు రెండు రాత్రులు పోలీస్ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విజన్ చెబుతాను. కెమెరా ఎలా చూస్తుంది, ఎక్కడ వంకరగా చూస్తుంది, ఆ వంకరను లెక్కలతో ఎలా తీయాలి అన్నవి ఏటా బోర్డు మీద రాసి పిల్లలకు వివరించే మనిషిని. ఏమీ తెలియనివాడు ఈ పని చేసి ఉంటే క్షమించవచ్చు. నాకు తెలుసు. తెలిసిందంతా ఒక సాయంత్రం పూట పక్కన పెట్టేశాను. ఎందుకు పెట్టానో దాచకుండా రాసుకోవాలనుంది.

మా వీధి చివర మందుల షాపులో దొంగతనం జరిగింది. షట్టరును ఒక పక్క నుంచి పైకి లేపి, సందులోంచి దూరి, గల్లాపెట్టెలో ఉన్నది తీసుకుపోయారు. ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపు వాళ్ళ కెమెరాలో అదంతా పడింది. మందుల షాపాయన మా నాన్నగారి కాలం నుంచీ తెలిసినవాడు. వీడియో పంపి వెంటనే ఫోన్ చేశాడు. "మాష్టారూ, మీరు చెప్పే చదువు ఇదేనట కదా. మొహం ఒక్కటి తేటగా కనబడేట్టు చేసిపెట్టండి. ఎస్సైగారు కూడా అదే అడుగుతున్నారు" అన్నాడు. ఎస్సైగారు నన్ను అడుగుతున్నారన్న మాట నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్ళ చదువు మా వీధిలో ఒకరికి పనికొస్తోందన్న సంతోషం. ఆ సంతోషంలోనే మొదటి తప్పు జరిగిపోయింది.

ఆ వీడియో కెమెరా దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టెలోంచి కాపీ చేసింది కాదు. మానిటర్ మీద నడుస్తుండగా ఎవరో సెల్‌ఫోన్‌తో తీసింది. తెర మీద నల్లటి పట్టీలు కిందికి పాకుతున్నాయి. మానిటర్ అద్దంలో ట్యూబులైటు పడింది. "ఆపు ఆపు, ఇక్కడే" అని వెనక నుంచి ఒక గొంతు. కెమెరా చూసినదాన్ని డీవీఆర్ ఒకసారి కుదించింది, ఫోన్ రెండోసారి కుదించింది, వాట్సాప్ మూడోసారి కుదించింది. కుదించిన ప్రతిసారీ సన్నటి వివరాలే ముందు పోతాయి. ముఖమంటే సన్నటి వివరాలే. ఇది నా మూడో యూనిట్ పాఠం. అయినా "డీవీఆర్ తెప్పించండి, ఇది పనికిరాదు" అని నేను అనలేదు. అంటే పని జరగదేమో, అవకాశం చెయ్యిజారుతుందేమో అనిపించింది.

ఈ రంగం మీద నేను మనసు పడడానికి కారణం ఒక కేసు. పసిపిల్లల మీద అఘాయిత్యాలు చేసి ఆ ఫోటోలు ఇంటర్నెట్లో పెట్టిన ఒక దుర్మార్గుడు తన ముఖాన్ని మాత్రం సుడిలా తిప్పేసి ఎవరూ గుర్తుపట్టకుండా చేసుకున్నాడు. జర్మనీ ఫెడరల్ నేర పరిశోధన సంస్థ బీకేఏ నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పారు. 2007 అక్టోబరు 8న ఇంటర్‌పోల్ ఆ ముఖాన్ని ప్రపంచానికి చూపించి, ఇతనెవరో చెప్పమని అడిగింది. అదే నెల 19న థాయిలాండ్‌లో అతను దొరికిపోయాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్కలు వచ్చినవాడు పసిపిల్లలకు న్యాయం చేయగలడా అని ఒళ్ళు పులకరించింది.

అది ఎందుకు సాధ్యమైందో తర్వాత చదువుకున్నాను. సుడి తిప్పినప్పుడు పిక్సెళ్ళు చెరిగిపోలేదు, చోటు మారాయి, అంతే. మధ్యలో ఎక్కువ కోణం, అంచుకు వెళ్ళేకొద్దీ తక్కువ కోణం. ఏ చుక్క ఎంత తిరిగిందో కనిపెడితే దాన్ని అంతే వెనక్కి తిప్పవచ్చు. ముఖం మొదటి నుంచీ ఆ ఫోటోలోనే ఉంది. ఈ కారణం నా నోట్సులో ఉండిపోయింది. మనసులో మాత్రం ఆ పులకరింతే నిలిచింది. ఎంత చెడిన బొమ్మలోనైనా నిజం ఎక్కడో ఉంటుంది, తీయగలిగినవాడు తీస్తాడు అని ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చాను. చోటు మారినదానికీ అసలు నమోదే కానిదానికీ తేడా పరీక్ష పేపర్లో అడిగితే నేనే రెండు పేజీలు రాసేవాణ్ణి.

ఆ సాయంత్రం మొదట చేసింది సరైన పనే. వీధి షాపులకు పెట్టే కెమెరాల్లో ఎక్కువగా 2.8 మిల్లీమీటర్ల లెన్సు ఉంటుంది. వీధంతా ఒక్క చూపులో పట్టాలని ఆ లెన్సు. అంత వెడల్పు పట్టే చూపులో తిన్నటి గీతలు తిన్నగా ఉండవు. షట్టరు రేకుల గాళ్ళు, పక్కింటి ప్రహరీ, కరెంటు స్తంభం అన్నీ కుండ పొట్టలా బయటికి ఉబ్బి కనబడతాయి. లెన్సులు తెచ్చే ఇలాంటి వంకరల గురించి బ్రిటన్‌లో కాన్రాడీ 1919 లోనే రాశాడు. అమెరికాలో డ్యుయేన్ బ్రౌన్ 1966 లో, 1971 లో వాటిని సూత్రాల్లో పెట్టాడు. తూకం గుండు కట్టి వేలాడదీసిన దారాలు ఫోటోలో ఎంత వంగాయో చూసి లెన్సు దోషాన్ని కొలిచే పద్ధతి ఆయనదే. 2000 లో జెంగ్యూ జాంగ్ చదరంగం గళ్ళ కాగితాన్ని నాలుగైదు కోణాల్లో కెమెరాకు చూపిస్తే చాలనే పద్ధతి ఇచ్చాక ఇది డిగ్రీ పిల్లలు కూడా చేసే పనైంది. నేను షట్టరు గాళ్ళనే దారాలుగా తీసుకుని వంపు తీశాను. గోడలు నిటారుగా నిలబడ్డాయి. స్తంభం స్తంభంలా ఉంది. తెర మీద వీధి సరైపోవడం చూసి నాకు ధైర్యం వచ్చింది, ఆ ధైర్యంతోనే ముఖం దగ్గరికి వెళ్ళాను.

ముఖం ఒక బూడిదరంగు మచ్చ. కళ్ళున్నచోట రెండు నీడలు, కింద ఒక నీడ. దాన్ని కత్తిరించి, ముఖాలను బాగుచేసే ఏఐ మోడల్లో పెట్టాను. అలాంటివి ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి, మా విద్యార్థులు తాతయ్యల పాత ఫోటోలు బాగుచేయడానికి వాడుతుంటారు. కొద్దిసేపటికి ఒక యువకుడి ముఖం వచ్చింది. కనుబొమలు, ముక్కు, కత్తిరించిన గడ్డం, చెవి తమ్మె అన్నీ వచ్చాయి. కంటిపాపల్లో కిటికీ వెలుగు పడినట్టు తెల్లటి చుక్కలు కూడా ఉన్నాయి. అర్ధరాత్రి, ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద, వీధిలో ఉన్న మనిషి కళ్ళలోకి కిటికీ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ చుక్కలు నా కంటపడ్డాయి. ముఖం ఎంత బాగా వచ్చిందో అనుకుంటూ వాటిని దాటిపోయాను. ఇన్ని నెలల తర్వాత కూడా నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. మోడల్ తాను చేసినదాని మీద తన గుర్తు వదిలింది, నేను చూశాను, ఆగలేదు.

ఫోటోను షాపాయనకు పంపాను. ఆయన ఎస్సైకి, పేట గ్రూపుకు పంపాడు. గంట తిరక్కుండానే "వీడు మన దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడు కాదూ" అని ఒకరు, "అవును, ఆ గడ్డం వాడిదే" అని ఇంకొకరు. ఆ కుర్రాడు ఏడాది క్రితం వరకు అదే మందుల షాపులో ఉండేవాడు. షట్టరు ఏ పక్క లూజుగా ఉంటుందో తెలిసినవాడు. ఇంటికి వెళ్ళి చూస్తే వీడియోలో దొంగ వేసుకున్నట్టే తెల్ల చొక్కా కూడా దొరికింది. ఇంకేం కావాలి?

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె ఒక ఆసుపత్రిలో ఆయా. యూనిఫాంలోనే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోన్లో ఆ ఫోటో తెరిచి నా ముందు పెట్టి అడిగింది. "బాబూ, ఇది కెమెరా తీసిందా, మీరు గీసిందా?"

కెమెరా తీసిందేనమ్మా అనబోయాను. నోట మాట రాలేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను. నేను చేసినదాన్ని నేను కనుక్కుని చెప్పడమేమిటో ఆమెకు అర్థం కాలేదు, అయినా తలూపి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అదే వీడియోలో పక్క ఫ్రేమును అదే మోడల్లో పెట్టాను. కాలంలో సెకనులో పదోవంతు తేడా కూడా లేని ఫ్రేము అది. గడ్డం పోయింది. ఇంకో ఫ్రేము పెట్టాను. బుగ్గలు పెరిగి నలభై ఏళ్ళవాడు వచ్చాడు. కత్తిరించే చోటు కాస్త పక్కకు జరిపితే కళ్ళు మారాయి. మొదటి ముఖానికి గడ్డం ఎలా వచ్చిందో వెతికితే, వీడియోను కుదించేటప్పుడు ఫ్రేమును చదరాలుగా విడగొడతారు కదా, అలాంటి ఒక చదరం అంచు సరిగ్గా దవడ మీదుగా పోయింది. ఆ అంచును మోడల్ గడ్డం అనుకుంది. పేట గ్రూపులో జనం గుర్తుపట్టిన గడ్డం అది.

పొద్దున్నే స్టేషనుకు వెళ్ళి ఎస్సైతో అంతా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, రావలసిందే. "మీరే కదా సార్ ఇచ్చారు" అన్నాడు. అవును, నేనే ఇచ్చాను. డీవీఆర్ తెప్పించమని, దాని లోపలి ఫైలు ఇస్తే మళ్ళీ చూస్తానని అడిగాను. ఈసారి హెడ్ కానిస్టేబుల్ దగ్గరుండి డీవీఆర్‌ను సీజ్ చేయించి, అసలు ఫైలు కాపీ తీసి, దానికి హ్యాష్ విలువ రాయించాడు. ఇది మా ఇష్టం కొద్దీ చేసే లాంఛనం కాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కాపీగా ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరని అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో 2020 లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో హ్యాష్ విలువకు ప్రత్యేకంగా చోటు పెట్టారు. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. నేను మొదట పని చేసిన ఫోన్ వీడియోకు అలాంటి పుట్టుపూర్వోత్తరాలు ఏవీ లేవు.

అసలు ఫైలు తెరిచి కొలతలు చూస్తే 960 × 1080. డీవీఆర్ పెట్టె మీద 1080ఎన్ అని ఉంది. చవకరకం డీవీఆర్లు చాలావాటిలో ఇదే సంగతి. నిలువు పూర్తిగా ఉంచి, అడ్డం సగమే దాచుకుంటాయి. చూపించేటప్పుడు అడ్డంగా సాగదీస్తాయి. ఆ లెన్సు పది మీటర్ల దూరంలో సుమారు 24 మీటర్ల వెడల్పు చూస్తుంది. 960 ని 24 తో భాగిస్తే మీటరుకు 40 పిక్సెళ్ళు. మనిషి ముఖం అడ్డంగా పదిహేను సెంటీమీటర్లు. అంటే ఆరు పిక్సెళ్ళు. నిలువుగా సుమారు పద్దెనిమిది. మొత్తం కలిపి నూట ఎనిమిది చుక్కలు, అవి కూడా కుదింపులో నలిగినవి. మోడల్ నాకిచ్చిన ముఖం 512 × 512. అంటే 2,62,144 చుక్కలు. వీధిలోంచి వచ్చినవి నూట చిల్లర. మిగతావన్నీ మోడల్ నేర్చుకున్న వేరేవాళ్ళ ముఖాల్లోంచి వచ్చాయి. ఇలాంటి మోడళ్ళు చాలావరకు ఫ్లికర్ లోంచి సేకరించిన 70,000 ముఖాల ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే సంకలనం మీద నేర్చుకున్నవే.

నిఘా కెమెరాలకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఈసీ 62676 నాలుగో భాగం. దాని 2014 కూర్పు ప్రకారం అపరిచితుణ్ణి నిస్సందేహంగా గుర్తించడానికి మీటరుకు 250 పిక్సెళ్ళు కావాలి. తెలిసినవాణ్ణి పోల్చుకోవడానికి 125. అక్కడ ఒక మనిషి ఉన్నాడని చెప్పడానికి 25. ఆ కెమెరా ఆ రాత్రి చెప్పగలిగింది దాదాపు ఆ చివరి మాటే. ఆ భాగహారం చేయడానికి నాకు కాగితం కూడా అక్కర్లేదు. మొదటి సాయంత్రం చేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 2020 లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు పల్స్ అనే పద్ధతి ప్రకటించారు. 16 × 16 చుక్కల ముఖం ఇస్తే 1024 × 1024 ముఖం తయారవుతుంది. ఎవరో బరాక్ ఒబామా ఫోటోను చుక్కలుగా చేసి అందులో పెడితే తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది. ఆ బొమ్మను నేను ఏటా క్లాసులో చూపిస్తాను. ఒకే మసక ముఖానికి సరిపోయే తేట ముఖాలు ఎన్నో ఉంటాయి, మోడల్ వాటిలో ఒకటి ఎంచుతుంది, అది అసలు మనిషి కానక్కర్లేదు అని చెబుతాను. 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీ కోర్టు ఒక హత్య కేసులో ఏఐతో మెరుగుపరిచిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోనన్న సంగతీ చెప్పాను. ఇవన్నీ చెప్పిన నోటితోనే "ఇదిగో దొంగ" అన్నాను.

ఇక అసలు ఫైలు చూసిన రాత్రి హెడ్ కానిస్టేబుల్, నేను, కొలబద్ద పట్టుకోవడానికి నా విద్యార్థి ఒకడు ఆ వీధికి వెళ్ళాం. ముఖం చెప్పలేని కెమెరా ఎత్తు చెప్పగలదు. కెమెరా జరగకుండా ఉంటే, దొంగ నిటారుగా నిలబడిన ఫ్రేము తీసుకుని, అతని పాదాలున్న చోటే కొలబద్ద నిలబెట్టి, అదే కెమెరాతో మళ్ళీ రికార్డు చేసి, రెండు దృశ్యాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ఒక్క ఫోటోలోంచి ఎత్తులు కొలిచే లెక్కను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు క్రిమినిసీ, రీడ్, జిస్సర్‌మన్ 1999 లో ఇచ్చారు. ఆ లెక్క కూడా విడిగా వేసి చూశాను. దొంగ షట్టరు ఎత్తడానికి వంగబోయే ముందు క్షణం నిటారుగా నిలబడ్డాడు. ఎంత జాగ్రత్తగా చూసినా పాదం ఏ పిక్సెల్ దగ్గర ఆగిందో, తల ఎక్కడ మొదలైందో కొంత సందిగ్ధం ఉంటుంది కనుక ఒకే అంకె ఇవ్వకూడదు. చెప్పుల ఎత్తుతో కలిపి 162 నుంచి 169 సెంటీమీటర్ల మధ్య అని వచ్చింది. ఆ కుర్రాడి ఎత్తు 181.

అక్కడే చొక్కా సంగతి కూడా తేలింది. కొలబద్ద పట్టుకున్న మా విద్యార్థి వేసుకున్నది నల్ల టీషర్టు. మానిటర్లో అది మల్లెపువ్వు తెలుపు. హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు వీధిలోకి వెళ్ళి వాణ్ణి, లోపలికి వచ్చి తెరను చూశాడు. రాత్రిపూట ఈ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే ఫిల్టరును పక్కకు తప్పించి, 850 నానోమీటర్ల దీపం వెలుగులో చూస్తాయి. మన కంటికి నల్లగా కనబడే సింథటిక్ బట్టలు చాలావరకు ఆ వెలుగును తిప్పికొడతాయి. దొంగ చొక్కా తెల్లదో, నల్లదో, నీలమో ఆ వీడియో చెప్పలేదు. ఒక పిల్లవాడి బీరువాలోంచి తెల్ల చొక్కా తీసుకెళ్ళడానికి మాత్రం అది సరిపోయింది.

కుర్రాణ్ణి నేను స్టేషనుకు వెళ్ళి చెప్పిన ఉదయమే పంపించేశారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదని అతనే చెప్పాడు, నేను అడిగి తెలుసుకున్నాను. అడగకుండా ఉండలేకపోవడానికి కారణం మెదక్. 2023 జనవరిలో ఒక గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరా దృశ్యంలోని మనిషితో పోలికలున్నాయన్న అనుమానంతో పోలీసులు ఒక కూలీని పట్టుకున్నారు. వదిలేశాక ఆసుపత్రిపాలై ఫిబ్రవరిలో అతను చనిపోయాడు. స్టేషన్లో కొట్టడం వల్లేనని కుటుంబం ఆరోపించింది. తెలంగాణ హైకోర్టు సుమోటోగా ఆ కేసు చేపట్టింది. పోలిక అన్న ఒక్క మాట మీద ఒక ఇల్లు కూలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను స్టాఫ్ రూములో పోలీసుల మీద చాలా మాట్లాడాను. మా వీధిలో ఆ పోలికను నా చేత్తో తయారుచేసి వాళ్ళకు అందించాను.

వాళ్ళింటికి వెళ్ళి ఆమె అడిగినదానికి జవాబు చెప్పాను. గీసిందేనమ్మా, కెమెరా తీసింది కాదు అన్నాను. "గీసిందని మీకు ముందే తెలుసా?" అంది. తెలుసన్నాను. ఆమె తిట్టలేదు. కుర్రాడు లోపల గదిలోంచి బయటికి రాలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు వచ్చి, తాను కొత్తగా చేరిన హోల్‌సేల్ షాపు యజమాని ఆ ఫోటో చూసి రేపటి నుంచి రావద్దన్నాడని చెప్పాడు. నేను సంతకంతో ఒక కాగితం రాసి ఆ యజమానికి ఇచ్చాను. ఆ ముఖం కెమెరాకు దొరికింది కాదని, కంప్యూటర్ కల్పించిందని, దానికి నేనే బాధ్యుణ్ణని అందులో ఉంది. అదే కాగితం స్టేషన్లోనూ ఇచ్చాను, పేట గ్రూపులోనూ పెట్టించాను. యజమాని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు, పనిలోకి మాత్రం పిలవలేదు. ఇప్పుడు ఆ కుర్రాడు పక్క ఊళ్ళో కొరియర్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. గ్రూపులో నా ఉత్తరం కింద రెండు దణ్ణాలు వచ్చాయి. ఫోటో ఎన్ని గ్రూపులకు పోయిందో అన్ని గ్రూపులకూ ఉత్తరం పోలేదు.

మందుల షాపు దొంగ దొరకలేదు. షాపాయన నాతో పలకరింపులు తగ్గించాడు, ఉన్న ముఖాన్ని నేనే పాడుచేశానని ఆయన అనుమానం.

పోయిన నెల అదే హెడ్ కానిస్టేబుల్ ఇంకో కేసుతో వచ్చాడు. ఒక పెద్దాయనను గుద్ది ఆపకుండా పోయిన బండి. ఈసారి ఫోన్ వీడియో తేలేదు, డీవీఆర్ తెచ్చాడు. వరసగా ఉన్న ఫ్రేములను ఒకదానితో ఒకటి కచ్చితంగా సర్ది సగటు తీస్తే రాత్రి వీడియోలో గింజలు గింజలుగా ఉండే మచ్చలు తగ్గుతాయి. తొమ్మిది ఫ్రేములు కలిస్తే ఆ అలజడి మూడోవంతుకు దిగుతుంది. ఉన్నదే తేలుతుంది, కొత్తది చేరదు. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశానో, ఏ అంకెలు వాడానో అన్నీ రాసిపెట్టాను, ఇంకెవరైనా అదే ఫైలు మీద అవే అడుగులు వేస్తే అదే బొమ్మ రావాలి. నంబరు ప్లేటులో చివరి అంకె మూడో ఎనిమిదో తేల్చలేనని రాశాను. నడిపిన మనిషి ముఖం గుర్తించడానికి తగినంత సమాచారం లేదని రాశాను. "ఏదో ఒకటి తెప్పించలేరా సార్, కంప్యూటర్లో వస్తుందంటారుగా" అన్నాడు. వస్తుంది గానీ అది ఇతనిది కాదన్నాను. స్కూటర్ ముందు మడ్‌గార్డు ఎడమ పక్క విరిగి ఉన్నట్టు మాత్రం సగటు తీసిన బొమ్మలో స్పష్టంగా ఉంది. ఆ కాగితం పట్టుకుని మెకానిక్ షెడ్లలో వాకబు చేస్తున్నారు.